రేంజర్స్ టోపీ పెట్టుకోవాలంటే ఎన్నేళ్లు ఓడిపోయి ఉండాలి?

#1 · ఫ్రిస్కో శ్రీను

మొన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర ఒకాయన నా టెక్సస్ రేంజర్స్ బేస్‌బాల్ టోపీ చూసి "2023 మోడలా?" అన్నాడు. టీమ్ టైటిల్ గెలిచింది ఆ ఏడే, గెలిచాక ఎక్కినవాడివా అని దెప్పడం. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను గానీ లోపల చురుక్కుమంది. ఆయన అంతటితో ఊరుకోలేదు. 2021లో టీమ్ 102 మ్యాచ్‌లు ఓడినప్పుడు ఎక్కడున్నావ్, 2022లో 94 ఓడినప్పుడు ఎక్కడున్నావ్ అని వరుసపెట్టి అడిగాడు. 2021లో నేను హైదరాబాద్‌లో కూర్చుని వీసా స్లాట్ కోసం వెబ్‌సైట్ రిఫ్రెష్ చేస్తున్నానండీ అన్నాను. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు.

నేను బేస్‌బాల్ చూడటం మొదలుపెట్టింది 2023 అక్టోబరులోనే, దాచడానికేం లేదు. మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో హ్యూస్టన్‌తో సిరీస్ పెద్ద తెర మీద వేస్తున్నారు, సమోసాలు కూడా ఉన్నాయంటే వెళ్లాను. ఆరో మ్యాచ్‌లో మన అడోలిస్ గార్సియా గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకి నాలుగు పరుగులు) కొట్టేసరికి, రూల్స్ సగం తెలియకపోయినా గొంతు పోయేలా అరిచాను. ఆ తర్వాత 2024లో 78 గెలుపులు, 84 ఓటములు. 2025లో సరిగ్గా 81-81. రెండు సీజన్లూ చూశాను, రెండుసార్లూ ప్లేఆఫ్స్ లేవు. ఇంకా బ్యాండ్‌వాగన్ (గెలిచే టీమ్ వెంట పడేవాడు) కిందే లెక్కా? ఈ కటాఫ్ డేట్ ఎవరు పెడతారసలు?

#2 · మెట్స్ మేనల్లుడు

81-81 చూసి కూడా మిగిలావంటే నువ్వు బ్యాండ్‌వాగన్ కాదు తమ్ముడూ. వాళ్లు జూలైకే దిగిపోయుంటారు.

#3 · ఆర్లింగ్టన్ పాతకాపు

శ్రీనూ, నేను ఈ ఊరికి 1997లో వచ్చాను. కందిపప్పు కావాలంటే రిచర్డ్‌సన్ దాకా పోవాల్సిన రోజులు. ఆర్లింగ్టన్‌లో పాత స్టేడియం అప్పటికి కొత్తది, 1994లో కట్టారు. పైకప్పు లేదు. జూలై మధ్యాహ్నం మ్యాచ్ అంటే ఇనప సీటు మీద కూర్చోవడానికి తువ్వాలు పట్టుకెళ్లేవాళ్లం.

టీమ్ సంగతి చెబుతాను విను. 1998, 1999 రెండేళ్లూ డివిజన్ గెలిచి ప్లేఆఫ్స్‌కి వెళ్లాం. రెండుసార్లూ న్యూయార్క్ యాంకీస్ మూడుకి మూడు కొట్టి పంపించారు. ఒక్కో సిరీస్ మొత్తంలో మనవాళ్లు చేసిన పరుగులు ఎన్నో తెలుసా? 1998లో ఒకటి. 1999లో ఇంకొకటి. 1972లో వాషింగ్టన్ నుంచి ఇక్కడికి వచ్చిన టీమ్, 2010 దాకా ప్లేఆఫ్స్‌లో గెలిచింది ఒకే ఒక్క మ్యాచ్, అదీ 1996లో.

ఇక 2011. వరల్డ్ సిరీస్, అంటే ఏడు మ్యాచ్‌ల ఫైనల్, అందులో ఆరో మ్యాచ్, సెయింట్ లూయిస్‌లో, అక్టోబరు 27. మ్యాచ్‌ల్లో మనం 3-2 ఆధిక్యంలో ఉన్నాం, ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 7-5. ఇద్దరు ఔట్. వాళ్ల బ్యాటర్ డేవిడ్ ఫ్రీస్‌కి రెండు స్ట్రైకులు పడ్డాయి, మూడు పడితే ఔట్. ఇంకొక్కటి పడితే టైటిల్. వాడు కొట్టిన బంతి రైట్ ఫీల్డ్‌లో నెల్సన్ క్రూజ్‌ని దాటి గోడకి తగిలింది, ఇద్దరు వచ్చేశారు, స్కోరు సమం. పదో ఇన్నింగ్స్‌లో మన జాష్ హామిల్టన్ హోమ్‌రన్ (మన సిక్సర్ లాంటిది) కొట్టాడు, 9-7. మళ్లీ ఇద్దరు ఔట్, మళ్లీ రెండు స్ట్రైకులు, ఈసారి లాన్స్ బెర్క్‌మన్. మళ్లీ సమం. పదకొండులో అదే ఫ్రీస్ హోమ్‌రన్‌తో ముగించాడు. మా ఆవిడ వచ్చి టీవీ కట్టేసి, అన్నం తినమని కూడా అనకుండా వెళ్లిపోయింది. ఏడో మ్యాచ్ కూడా పోయింది, దాని గురించి మాట్లాడను.

ఇదంతా నా సీనియారిటీ చూపించుకోవడానికే చెప్పాను, మొహమాటం ఎందుకు. కానీ నేను పడ్డాను కాబట్టి నువ్వూ పడాల్సిందే అనడం అత్తగారి వరస. మీ లంచ్ టేబుల్ ఆయనది అదే. నాకు కొత్తవాళ్లతో పేచీ ఒక్కటే. ఎదుటివాడికి రెండు స్ట్రైకులు పడి స్టేడియం మొత్తం లేచి నిలబడ్డప్పుడు, దయచేసి నాకు అడ్డంగా నిలబడి మైదానానికి వీపు తిప్పి సెల్ఫీ తీసుకోవద్దు.

#4 · హ్యూస్టన్ హనుమ

వచ్చేశా. డాలస్ వాళ్లు విశ్వాసం గురించి మాట్లాడుకుంటున్నారంటే మేం పాప్‌కార్న్ తెచ్చుకుని కూర్చుంటాం.

పాతకాపు గారూ, ఒక లెక్క అడుగుతాను. 2023 ప్లేఆఫ్స్‌లో మీరు బయట ఊళ్లలో 11 ఆడి 11 గెలిచారు. సొంత స్టేడియంలో 6 ఆడి గెలిచింది 2. అంటే అంత డబ్బు పోసి టికెట్ కొనుక్కుని లోపల కూర్చున్నవాళ్లకి దక్కింది రెండు గెలుపులు. సమోసా తింటూ క్లబ్‌హౌస్‌లో చూసిన శ్రీనుకి మొత్తం 13.

#5 · ఆర్లింగ్టన్ పాతకాపు

ఆ రెండిట్లో ఒకటి వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్ నాయనా. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు పరుగులు వెనకబడి ఉంటే మన సీగర్ సమం చేశాడు, పదకొండులో గార్సియా ముగించాడు. ఆ ఒక్క రాత్రి చాలు. నీ లెక్కలో మీ ఊరి సంగతి వదిలేశావే? ఆ హ్యూస్టన్ సిరీస్‌లో ఏడు మ్యాచ్‌లూ బయటి టీమే గెలిచింది. మీ ఇంట్లో మీరు నాలుగుకి నాలుగూ పోగొట్టుకున్నారు.

#6 · హ్యూస్టన్ హనుమ

అది నిజమే, దాని మీద మాట్లాడను. కానీ ఐదో మ్యాచ్‌కి నేను ఆర్లింగ్టన్ వచ్చాను, ఆరెంజ్ జెర్సీలో, మీవాళ్ల మధ్యలో. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మా అబ్రేయూ వేసిన బంతి గార్సియాకి తగిలి పెద్ద గొడవ, రెండు టీములూ మైదానంలోకి వచ్చేశాయి. చుట్టూ 40 వేల మంది, పైకప్పు మూసి ఉంది, ఆ శబ్దం చెవుల్లో కాదు పళ్లలో వినిపించింది. తొమ్మిదిలో మా ఆల్టూవే మూడు పరుగుల హోమ్‌రన్ కొట్టాడు. నేను లేచి చూస్తే మా సెక్షన్‌లో నిలబడి ఉన్నది నాతో కలిపి ఓ గుప్పెడు మంది. పక్క సీటు పెద్దాయన, రేంజర్స్ జెర్సీయే, నా వైపు చూడకుండానే తన నాచోస్ ట్రే నా వైపు జరిపాడు. "తిను, మేమెవరమూ తినలేం" అన్నాడు.

ఇక అసలు ప్రశ్న. బ్యాండ్‌వాగన్ అంటే ఎక్కేవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. దిగేవాళ్ల మాటేంటి? మా హ్యూస్టన్ ఆస్ట్రోస్ 2011, 2012, 2013ల్లో వరుసగా 106, 107, 111 మ్యాచ్‌లు ఓడింది. అప్పుడు చూసినవాళ్లకి 2017 టైటిల్ అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. తర్వాత 2020 జనవరిలో కమిషనర్ రిపోర్ట్ వచ్చింది. ఎదుటి క్యాచర్ సైగల్ని కెమెరాతో చూసి, చెత్తడబ్బా మీద కొట్టి బ్యాటర్‌కి చెప్పేవాళ్లని తేలింది. మేనేజర్, జనరల్ మేనేజర్ ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. అప్పుడు టోపీ తీసి పక్కన పడేసినవాళ్లలో ఆ 111 ఓటములనీ చూసినవాళ్లున్నారు. వాళ్లు విశ్వాసం లేనివాళ్లా, సిగ్గున్నవాళ్లా? నేను మాత్రం తియ్యలేదు. గొప్ప పని చేశానని అనుకోవడం లేదు, తియ్యబుద్ధి కాలేదు అంతే.

#7 · మెట్స్ మేనల్లుడు

చెత్తడబ్బా ప్రస్తావన ఆస్ట్రోస్ అభిమానే తెచ్చిన మొదటి థ్రెడ్ ఇదే. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

#8 · ఓరుగల్లు బ్లూ

ఎవరూ ముందుకు రావట్లేదు కాబట్టి నేనే వస్తున్నా. నేను పక్కా బ్యాండ్‌వాగన్. లాస్ ఏంజెలస్ డాడ్జర్స్. 2023 డిసెంబరులో జపాన్ స్టార్ ఒహ్తానీ 10 ఏళ్లకి 70 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిన వారమే జెర్సీ కొన్నా. 2024 టైటిల్, 2025 టైటిల్. టొరంటోలో ఏడో మ్యాచ్ 11 ఇన్నింగ్స్ పోయి 5-4తో గెలిస్తే సోఫా మీద నుంచి దూకి కాలు బెణికించుకున్నా. నాకు గిల్టీ ఫీలింగ్ ఏం లేదు. మంచి సినిమా ఆడుతుంటే హౌస్‌ఫుల్ అయినాక వచ్చావేంటని ఎవరైనా అడుగుతారా?

ఉప్పల్‌లో చెన్నై మ్యాచ్ అయితే సగం స్టేడియం పసుపే. వాళ్లంతా చెన్నైలో పుట్టారా? ధోనీ కోసం వచ్చారు. మనం మనిషిని పట్టుకుని ఆట చూసేవాళ్లం. నేను ఒహ్తానీని పట్టుకున్నా. ఆయన ఇంకో టీమ్‌కి పోతే? పోయినప్పుడు చూద్దాం.

#9 · ఆర్లింగ్టన్ పాతకాపు

కాంట్రాక్టులో 68 కోట్లు తర్వాత ఎప్పుడో ఇచ్చేదే కదా. మీ అభిమానం కూడా వాయిదాల్లోనేనా?

#10 · ఓరుగల్లు బ్లూ

అన్నా 😂 ఒప్పుకుంటున్నా.

ఒక్కమాట మాత్రం చెప్పనియ్యి. డాడ్జర్స్ వాళ్లు మూడో ఇన్నింగ్స్‌కి వచ్చి ఏడో ఇన్నింగ్స్‌కి వెళ్లిపోతారని అందరూ ఎక్కిరిస్తారు. ఆ కొండ మీదికి సాయంత్రం ఆరింటికి కారులో ఒక్కసారి వచ్చి చూడండి. పార్కింగ్‌లోంచి బయటపడటం ఇంకో మ్యాచ్. అయినా 2025లో ఒక్క సీజన్‌లో 40 లక్షల మందికి పైగా వచ్చారు. విశ్వాసం లేనివాళ్లు ఆ ట్రాఫిక్‌లో రారు.

#11 · ఫెన్‌వే పద్మ

1988 వరల్డ్ సిరీస్‌లో కుంటుకుంటూ వచ్చిన డాడ్జర్స్ ఆటగాడు కర్క్ గిబ్సన్ హోమ్‌రన్ కొట్టిన వీడియో చూడండి. బంతి పడుతుంటే వెనకాల పార్కింగ్‌లో వెళ్లిపోతున్న కార్ల ఎర్ర లైట్లు కనిపిస్తాయి. అంత గొప్ప దెబ్బ. ఆ కారులో ఉన్నవాళ్లు ఇంటికెళ్లి ఏం చెప్పుకున్నారో.

శ్రీను గారూ, మీ ప్రశ్న నన్ను ఇరవయ్యేళ్లుగా రకరకాల మనుషులు అడుగుతున్నారు. బాస్టన్‌లో 2004లో రెడ్ సాక్స్ 86 ఏళ్ల తర్వాత గెలిచాక కొత్తవాళ్లు విరగబడి వచ్చారు. వాళ్లకి "పింక్ టోపీలు" అని పేరు పెట్టారు. గులాబీ రంగు టోపీలు అప్పుడే బాగా అమ్ముడయ్యాయి మరి. ఆ తిట్టు ఎవరి మీద పడుతుందో చెప్పక్కర్లేదు కదా. మా ఆయన ఏ టోపీ పెట్టుకున్నా ఎవరూ ఏమీ అడగరు. నేను మామూలు నీలం టోపీ పెట్టుకున్నా "సరే, షార్ట్‌స్టాప్ (రెండు, మూడు బేస్‌ల మధ్య ఫీల్డర్) ఎవరో చెప్పు" అంటారు. ఒకసారి ఒకాయనకి నా స్కోర్ పుస్తకం తెరిచి చూపించాను. ఆ రోజు మూడో ఇన్నింగ్స్‌లో షార్ట్‌స్టాప్ నుంచి సెకండ్ బేస్, అక్కణ్ణుంచి ఫస్ట్ బేస్, ఒకే బంతికి ఇద్దరు ఔట్, డబుల్ ప్లే. ఆ ఫీల్డర్ల నంబర్లతో 6-4-3 అని రాసి గీత గీసి ఉంది. కింద తిరగేసి రాసిన కే అక్షరం ఎందుకో చెప్పండి అని నేనే అడిగాను. చెప్పలేకపోయారు. బ్యాటర్ బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి ఔటైతే అలా రాస్తారు.

కానీ పాతవాళ్ల కోపంలో కొంత న్యాయం ఉంది. రెడ్ సాక్స్ స్టేడియం ఫెన్‌వే 1912 నాటిది, చిన్నది. 2003 నుంచి 2013 దాకా వరుసగా 820 మ్యాచ్‌లు హౌస్‌ఫుల్ అని లెక్క చెప్పారు. అంతకుముందు ఆఫీసు నుంచి నడిచొచ్చి కౌంటర్‌లో టికెట్ కొనుక్కుని కూర్చునే మనుషులకి ఆ పదేళ్లూ దారి మూసుకుపోయింది. వాళ్ల కోపమంతా కొత్త అభిమాని మీద కాదు, తన సీటు రేటు మీద. కోపం చూపించడానికి రేటు ఎదురుగా కనిపించదు, పింక్ టోపీ కనిపిస్తుంది.

మనిషిని పట్టుకుని ఆట చూడటం గురించి బ్లూ గారు అన్నారు. నేను మూకీ బెట్స్‌ని పట్టుకున్నాను. 2020 ఫిబ్రవరిలో మీ డాడ్జర్స్‌కి ఇచ్చేశారు. బొగార్ట్స్‌ని పట్టుకున్నాను, 2022 తర్వాత శాన్‌డియేగో వెళ్లిపోయాడు. డెవర్స్ అన్నాను, 2025 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోకి పంపించారు. ఇప్పుడు గోడని పట్టుకున్నాను. లెఫ్ట్ ఫీల్డ్‌లో ఆకుపచ్చ గోడ, 37 అడుగులు. దాన్ని ఎవరూ ట్రేడ్ చేయలేరు.

#12 · కొలిజియం కుర్రాడు

పద్మగారూ, గోడని కూడా తీసుకుపోతారండీ. ఓక్లాండ్ వాణ్ని చెబుతున్నాను.

మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. 2008లో చదువుకోడానికి వచ్చినప్పుడు జేబులో డబ్బుల్లేవు. శాన్‌ఫ్రాన్సిస్కోలో జెయింట్స్ స్టేడియం సముద్రం ఒడ్డున అందంగా ఉంటుంది, టికెట్ కూడా అంత అందంగానూ ఉంటుంది. ఓక్లాండ్‌లో అయితే బార్ట్ రైలు దిగి కాలినడక వంతెన దాటితే కొలిజియం. ఆ వంతెన మీద హాట్‌డాగ్‌లు, నీళ్ల సీసాలు, డూప్లికేట్ టీషర్టులు అమ్ముతుండేవారు. స్టేడియం గొప్పదేం కాదు, కాంక్రీటు గిన్నె. ఫుట్‌బాల్ టీమ్ కోసమని తొంభైల్లో సెంటర్ ఫీల్డ్ వెనక ఒక పెద్ద స్టాండ్ కట్టి, కనిపించే కొండల్ని కూడా మూసేశారు. డ్రైనేజీ పొంగిన స్టేడియం అని దేశమంతా నవ్వింది. కానీ రైట్ ఫీల్డ్ బ్లీచర్స్‌లో డ్రమ్ములు కొట్టేవాళ్లుండేవారు, మొదటి బంతి నుంచి చివరిదాకా. మన ఊళ్లో తిరునాళ్లప్పుడు తప్ప నేనలాంటి శబ్దం వినలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నా పేరు కూడా అడక్కుండా చేతికి ఒక జెండా ఇచ్చారు.

మీరంతా అభిమాని టీమ్‌ని వదిలేయడం గురించి వాదించుకుంటున్నారు. మాది ఉల్టా. బాస్కెట్‌బాల్ వారియర్స్ 2019లో బే దాటి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లారు. ఫుట్‌బాల్ రైడర్స్ 2020లో లాస్ వేగస్ వెళ్లారు. మిగిలింది బేస్‌బాల్ టీమ్ ఏస్ (అథ్లెటిక్స్) ఒక్కటే. మంచి ఆటగాళ్లని ఒక్కొక్కరినీ అమ్మేశారు. చాప్‌మన్, ఓల్సన్, మర్ఫీ. టీమ్ 2023లో 112 మ్యాచ్‌లు ఓడింది. ఎవరొస్తారు? జనం రావట్లేదు కాబట్టి ఊరు మారుస్తామన్నారు.

2023 జూన్ 13న అభిమానులే పిలుపిచ్చారు, బాయ్‌కాట్‌కి తిరగేసి, అందరూ రండని. మంగళవారం రాత్రి, చివరి స్థానంలో ఉన్న టీమ్, అయినా 27,759 మంది వచ్చాం. అందరికీ ఆకుపచ్చ టీషర్టులు, వాటి మీద "అమ్మేయ్" అని ఇంగ్లీషులో ఒకటే మాట, యజమాని జాన్ ఫిషర్‌కి. టాంపా అప్పుడు లీగ్‌లో మొదటి వరుస టీమ్, దాన్ని 2-1తో ఓడించాం, అది వరుసగా ఏడో గెలుపు. ఐదో ఇన్నింగ్స్ మొదట్లో స్టేడియం మొత్తం ఒక నిమిషం నోరు మూసుకుని కూర్చుని, తర్వాత ఒక్కసారిగా అరిచాం. ఆ వారంలోనే నెవాడా చట్టసభ వేగస్ స్టేడియానికి 38 కోట్ల డాలర్ల ప్రజాధనం ఆమోదించింది.

చివరి మ్యాచ్ 2024 సెప్టెంబరు 26. ఎదుటి టీమ్ మీ రేంజర్సే. 46,889 మంది. 3-2తో గెలిచాం. మా పాత స్టార్లు రికీ హెండర్సన్, డేవ్ స్టీవర్ట్ వచ్చి మొదటి బంతులు వేశారు. అయిపోయాక ఒక్కరూ కదల్లేదు. మేనేజర్ కాట్సే మైకు పట్టుకుని థాంక్స్ చెప్పాడు. గ్రౌండ్ స్టాఫ్ అంచున ఉన్న జనానికి మైదానం మట్టి కప్పుల్లో పోసి ఇచ్చారు. నాకూ దొరికింది. అదే డిసెంబరులో రికీ పోయాడు.

ఇప్పుడు టీమ్ పేరులో ఊరే లేదు, ఉత్త అథ్లెటిక్స్. వేగస్‌లో 2028కి స్టేడియం తయారయ్యేదాకా పశ్చిమ శాక్రమెంటోలో చిన్న లీగు వాళ్ల మైదానంలో ఆడుతున్నారు. శాక్రమెంటో మాకు గంటన్నర. నేను వెళ్లలేదు, వెళ్లను. మా అబ్బాయి జెయింట్స్ టోపీ కొనిపెట్టమన్నాడు, కొనిపెట్టాను. వాడు బ్యాండ్‌వాగనా?

#13 · ఫ్రిస్కో శ్రీను

అన్నా, ఇది చదివాక నా ప్రశ్న చిన్నదైపోయింది. నాకు డెక్కన్ ఛార్జర్స్ గుర్తొచ్చారు. 2008లో ఆఖరి స్థానం, 2009లో కప్పు, 2012లో టీమే రద్దు. ఆ బుల్ లోగో టీషర్ట్ మా ఇంట్లో ఇప్పటికీ బీరువాలో ఉంది. తర్వాత సన్‌రైజర్స్ వచ్చారు, చూశాం, 2016లో గెలిచారు, సంతోషించాం. కానీ మొదటిది మొదటిదే.

#14 · మెట్స్ మేనల్లుడు

మా న్యూయార్క్ మెట్స్‌లో టీమ్ ఎక్కడికీ పోదు, అదే శిక్ష. 1986 తర్వాత టైటిల్ లేదు. స్టార్ బ్యాటర్ సోటోకి 15 ఏళ్లకి 76.5 కోట్ల డాలర్లు ఇచ్చి తెచ్చారు. 2025లో 83-79, చివరి రోజు ఓడి ప్లేఆఫ్స్ పోయాయి. ఎడిసన్‌లో మా వీధిలో అందరూ యాంకీసే. 27 టైటిళ్లున్న టీమ్‌ని అభిమానించడం నా దృష్టిలో ఫిక్స్‌డ్ డిపాజిట్.

#15 · సిక్స్-ఫోర్-త్రీ

నేను ప్లేనోలో పుట్టాను, తెలుగులో టైపింగ్ నెమ్మది, తప్పులుంటే మన్నించండి. అంకుల్స్ అందరూ పెద్ద స్టేడియం గురించే మాట్లాడుతున్నారు. నాన్న నన్ను తీసుకెళ్లింది ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి. రేంజర్స్ కింద డబుల్-ఏ టీమ్, అంటే మేజర్స్‌కి రెండు మెట్లు కింద. అక్కడ రైట్ ఫీల్డ్ వెనక లేజీ రివర్ ఉంది, ట్యూబ్‌లో తేలుతూ మ్యాచ్ చూడొచ్చు. చిన్నప్పుడు నేను మ్యాచ్ ఒక్క ఇన్నింగ్స్ కూడా చూడలేదు, అందులోనే ఉండేదాన్ని. తర్వాత ఎప్పుడో తల తిప్పి చూశాను.

అక్కడ అసలు బ్యాండ్‌వాగన్ అనేదే ఉండదు. ఎవరైనా బాగా ఆడితే పైకి పంపేస్తారు. టీమ్ గెలుస్తుందా అని కాదు, ఈ అబ్బాయి వెళ్తాడా అని చూస్తాం. 2023 వేసవిలో ఎవన్ కార్టర్ ఫ్రిస్కోలో ఆడుతుంటే నాన్నతో కలిసి చూశాను. సెప్టెంబరులో రేంజర్స్‌లోకి పిలిచారు, 21 ఏళ్లు. అక్టోబరులో వరల్డ్ సిరీస్‌లో ఉన్నాడు. మా ఇంట్లో అందరం "మన కార్టర్" అంటాం.

ఇంకొకటి, బంతి వేసే కుమార్ రాకర్ గురించి ఎవరూ చెప్పలేదేంటి? తల్లి వైపు మూలాలు ఇండియావి. కాలేజీలో వాండర్‌బిల్ట్‌కి ఆడుతూ 2019లో ఒకే మ్యాచ్‌లో 19 మందిని స్ట్రైకౌట్ చేసి, ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా నో-హిట్టర్ వేశాడు. 2021లో మెట్స్ డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ల ఎంపికలో) తీసుకుని సంతకం పెట్టించుకోలేదు. (మేనల్లుడు అంకుల్ 👀) 2022లో రేంజర్స్ మూడో పిక్‌గా తీసుకున్నారు. మోచేతి ఆపరేషన్ అయ్యాక 2024 సెప్టెంబరులో మేజర్స్‌లో మొదటి మ్యాచ్ ఆడాడు. స్టేడియం మైకులో కుమార్ అని పేరు వినిపించినప్పుడు మా అమ్మ ఫోన్ పక్కన పెట్టింది. అంతకుముందు ఆవిడకి ఆటతో సంబంధం లేదు. ఆ రోజు నుంచి ఆవిడ అభిమాని. ఇది కూడా చెల్లుతుందా, లంచ్ టేబుల్ అంకుల్‌ని అడిగి చెప్పండి.

#16 · మెట్స్ మేనల్లుడు

రాకర్ విషయం తియ్యకమ్మా. మాకు అసలే నిద్ర పట్టదు.

#17 · ఫ్రిస్కో శ్రీను

అందరికీ థాంక్స్. ఇక ఒక ప్రాక్టికల్ ప్రశ్న. ఇంతవరకూ నేను స్టేడియంకి వెళ్లింది ఆఫీసు వాళ్లతోనే, విడిగా ఉండే సూట్ గదిలో కూర్చుని సగం సేపు పని గురించే మాట్లాడుకున్నాం. ఈ వేసవిలో ఇంట్లో వాళ్లతో మామూలు సీట్లలో కూర్చోవాలని ఉంది. మా ఆవిడ శాకాహారి, "సగం సేపు ఏమీ జరగదు" అనేది ఆవిడ ఫిర్యాదు. అమ్మానాన్న కూడా వైజాగ్ నుంచి వస్తున్నారు. ఏం చెయ్యమంటారు?

#18 · ఆర్లింగ్టన్ పాతకాపు

ఏమీ జరగని సేపు తగ్గించారమ్మా అని చెప్పు. 2023 నుంచి పిచ్ క్లాక్ ఉంది. బేస్ మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వెయ్యాలి. అంతకుముందు మ్యాచ్ మూడు గంటలు దాటేది, ఇప్పుడు రెండు గంటల 40 నిమిషాల దగ్గర అయిపోతోంది. మాలాంటి వాళ్లకి కబుర్లు చెప్పుకునే టైమ్ పోయిందని నేను గొణుక్కుంటాను, అది వేరే సంగతి.

ఎండ గురించి భయం లేదు. 2020లో వచ్చిన కొత్త స్టేడియంకి మూసుకునే కప్పు, ఏసీ ఉన్నాయి. దానికోసమే కదా 26 సీజన్ల స్టేడియంని పక్కనపెట్టి, 2016లో ఓటింగ్ పెట్టి, ఊరి పన్నుల నుంచి 50 కోట్ల డాలర్ల దాకా ఇచ్చారు. అవసరమా అంటే నా దగ్గర రెండు జవాబులున్నాయి, జనవరిలో ఒకటి, జూలైలో ఒకటి. మీ నాన్నగారికి మాత్రం ఒక స్వెట్టర్ పట్టుకెళ్లు, లోపల చలి.

స్టేడియం దాకా రైలు లేదు. ఫ్రిస్కో నుంచి 40 మైళ్లు, సాయంత్రం మ్యాచ్ అంటే మధ్యాహ్నమే బయల్దేరు. పార్కింగ్ ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కో. సీట్లు ఫస్ట్ బేస్ వైపు పై అంతస్తులో, ముందు వరసల్లో తీసుకో. అక్కణ్ణుంచి ఫీల్డర్లు బ్యాటర్‌ని బట్టి ఎలా జరుగుతున్నారో కనిపిస్తుంది. కింద ఖరీదైన సీటులో బంతి దగ్గరగా కనిపిస్తుంది గానీ ఆట కనిపించదు.

#19 · ఫెన్‌వే పద్మ

తిండి: చాలా స్టేడియాల్లో బయటి తిండి పారదర్శకమైన ప్లాస్టిక్ సంచిలో ఉంటే లోపలికి రానిస్తారు. వెళ్లేముందు ఆ స్టేడియం రూల్ ఒకసారి చూసుకోండి. మేం పులిహోర పొట్లాలు, జంతికలు తీసుకెళ్తాం. పులిహోర మ్యాచ్‌కి సరైన తిండి, చల్లారినా బాగుంటుంది, ఒక చేత్తో తినొచ్చు, రెండో చెయ్యి పెన్సిల్‌కి ఖాళీ. ఐస్‌క్రీమ్ మాత్రం అక్కడే కొనండి, చిన్న ప్లాస్టిక్ హెల్మెట్‌లో పెట్టి ఇస్తారు. మా వంటింట్లో పోపుల డబ్బా పక్కన అవి ఒక దొంతర ఉన్నాయి.

మీ ఆవిడకి స్కోర్ పుస్తకం కొనివ్వండి. ఇది సలహా కాదు, ఆర్డర్. ప్రతి బంతికీ ఏదో ఒకటి రాయాలి, ఇక ఏమీ జరగలేదనే మాటే రాదు. మామగారు క్రికెట్ చూసేవారైతే ఆయనకి కూడా. మన పెద్దవాళ్లలో రేడియో పక్కన కూర్చుని స్కోర్ రాసుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు, ఆయన ఇట్టే పట్టుకుంటారు.

#20 · సిక్స్-ఫోర్-త్రీ

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి పాడతారు, తాతగారు కంగారుపడకుండా ముందే చెప్పండి. డాట్ రేస్ కూడా ఉంటుంది, రంగు చుక్కల మధ్య పరుగు పందెం. అర్థం లేదు, కానీ అమ్మమ్మలకి బాగా నచ్చుతుంది. మా అమ్మమ్మ ఎప్పుడూ ఆకుపచ్చ చుక్క మీద మా తమ్ముడితో డాలర్ పందెం కాస్తుంది.

#21 · ఓరుగల్లు బ్లూ

డాడ్జర్స్ వచ్చినప్పుడు పెట్టుకోండి, నేను కూడా ఎల్‌ఏ నుంచి వస్తా.

#22 · ఆర్లింగ్టన్ పాతకాపు

డాడ్జర్స్ వచ్చినప్పుడు టికెట్ రేట్లు నీలాంటివాళ్ల వల్లే రెట్టింపు అవుతాయి నాయనా. మంగళవారం, ఎవరూ పట్టించుకోని టీమ్ వచ్చినప్పుడు వెళ్లు శ్రీనూ. రేట్లు తక్కువ, వరసలు ఖాళీ, ఫౌల్ బాల్ పడితే పోటీ ఉండదు.

#23 · కొలిజియం కుర్రాడు

అథ్లెటిక్స్ వచ్చినప్పుడు వెళ్లండి అంటున్నారన్నమాట.

#24 · ఆర్లింగ్టన్ పాతకాపు

అయ్యో, ఆ ఉద్దేశం కాదు బాబూ. సరే, అదే రోజు పెట్టుకుందాం. నువ్వూ రా, టికెట్ నాది. ఆకుపచ్చ టీషర్ట్ వేసుకురా, మా సెక్షన్‌లో ఎవరూ ఏమీ అనరు, నేను చూసుకుంటాను.

#25 · కొలిజియం కుర్రాడు

టీమ్‌ని చూడటానికి రానండీ. పులిహోర ఉందంటే ఆలోచిస్తాను.

#26 · హ్యూస్టన్ హనుమ

నేను నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని వస్తా, ఆరెంజ్ జెర్సీలోనే. నన్నెవరు చూసుకుంటారు?

#27 · ఆర్లింగ్టన్ పాతకాపు

నిన్ను ఎవరూ చూసుకోరు. పార్కింగ్ డబ్బులు కూడా నీవే.